అంబాసిడర్‌కి తమలపాకు రంగు

"రంగేం వేద్దామండీ?" అని పెయింటర్ మేస్త్రిగారు అడిగితే మా నాన్న ఆయన వైపు వింతగా చూశారు. అంబాసిడర్‌కి రంగేంటని అడిగేవాళ్లు కూడా ఉంటారా అన్నట్టు.

"తెలుపే కదండీ. ఇంకేం వేస్తాం?"

అరుగు మీద కూర్చుని కరివేపాకు దూస్తున్న మా మామ్మ తలెత్తకుండానే అంది. "అది తెల్ల కారు కాదు."

"నువ్వూరుకో అమ్మా. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్నా."

"నీకు ఊహ తెలియకముందు నుంచీ నేను చూస్తున్నా."

ఆ రోజుకి మాట అక్కడితో ఆగింది. కానీ ఆ ఒక్క మాట తేలడానికి మాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఈ వారం కోడింగ్ కబుర్లు పక్కన పెట్టి కారు గురించి రాస్తున్నానేంటని అనుకోకండి. పాత కారుకో, పాత స్కూటరుకో, తాతగారి కుర్చీకో అసలు రంగు వేయించాలని అనుకునేవాళ్లు మీలోనూ ఉంటారు. నేను చేసిన తప్పు మీరు చేయకుండా ఉంటే చాలు.

మాది కడియం. ఇల్లూ నర్సరీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. నేను హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో ఫ్రంటెండ్ పని చేస్తాను. నెలలో రెండు వారాలు ఇంటి నుంచే. మీటింగుల మధ్య ఖాళీలో కిటికీలోంచి చూస్తే గులాబీ కుండీలు, క్రోటన్ల వరసలు, వాటి చివర గ్రీన్ షేడ్ నెట్ కింద మా తాతయ్య అంబాసిడర్ కనిపించేవి. 1972 నాటి మార్క్ 2. తాతయ్య దాన్ని 1976లో కాకినాడలో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నారు. 2009లో ఆయన పోయాక దాన్ని స్టార్ట్ చేసినవాళ్లు లేరు. డిక్కీ మీద ఎరువు బస్తాలు, బానెట్ మీద కోళ్లు. పోయిన దసరాకి బోనస్ వచ్చినప్పుడు, దీన్ని మళ్లీ రోడ్డెక్కిద్దాం అన్నాను. నాన్న సరేనన్నారు, ఇంజను పని ఒక మెకానిక్‌కి అప్పజెప్పారు, బాడీ పనికి మోరంపూడి వైపు ఒక టింకరింగ్ షెడ్డు నుంచి మేస్త్రిగారిని పిలిపించారు, తెల్ల పెయింటు డబ్బాలు కూడా కొని పెట్టేశారు.

అంబాసిడర్ అనగానే నాన్నకి తెలుపే గుర్తుకు రావడంలో తప్పేం లేదు. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాని తీసుకుని కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన కారు ఇది. 2014లో ఆపేసేదాకా దాని ఆకారం పెద్దగా మారలేదు. అన్నేళ్లూ మంత్రిగారు దిగినా, కలెక్టరుగారు దిగినా తెల్ల అంబాసిడర్లోంచే దిగేవారు. కలకత్తాలో పసుపు టాక్సీ, మిగతా దేశమంతా తెల్ల సర్కారు కారు. మన బుర్రలో ఆ రెండే నిలిచిపోయాయి. మామూలు ఇళ్లవాళ్లు కొనుక్కున్న కార్లు వేరే రంగుల్లోనూ ఉండేవన్న సంగతి మరిచిపోయాం.

"అయితే ఏం రంగు మామ్మా?" అని ఆ రాత్రి అడిగాను.

"లేత తమలపాకు రంగు" అంది. కాసేపాగి, "మరీ లేతది కాదు. నీళ్లలో నానబెట్టి తీసిన తమలపాకు వెనక వైపు" అంది.

నాన్న నవ్వేశారు. "ఆవిడకి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎదురుగా ఉన్న మనిషి చీర రంగే తెలియట్లేదు. యాభై ఏళ్ల కిందటి కారు రంగు ఆవిడ మాట మీద వేస్తామా?"

నిజం చెప్పాలంటే నేను కూడా మామ్మ మాట నమ్మలేదు. అలాగని నాన్న మాటా నమ్మలేదు. నేను నమ్మింది నా ఫోన్‌ని. నేను రోజూ చేసేది రంగులతో పనే. ఒక బటన్ నీలం ఎంత ముదురుండాలో క్లయింటుతో గంట వాదించిన రోజులున్నాయి. కారు తలుపు అంచున ఉలితో కాస్త గీకాను. తెలుపు కింద ఏదో పచ్చటి రంగు కనిపించింది. ఫోటో తీసి, అందులో ఆ చుక్క మీద నొక్కి హెక్స్ కోడ్ తీశాను. రాజమండ్రిలో పెయింటు కలిపే షాపులో ఫోన్ చూపించి, ఇదే కావాలన్నాను. మేస్త్రిగారు వేరే పెళ్లి పనిలో ఊళ్లో లేరు. ఆయన కుర్రాడు ముందు తలుపులు రెండూ, డిక్కీ మూతా విప్పి, పాత రంగంతా రేకు దాకా తీయించి, నేనిచ్చిన పెయింటు కొట్టేశాడు. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద చూస్తే బాగానే ఉంది.

మర్నాడు వాటిని ఎండలోకి తెచ్చాం. మా నర్సరీలో అమ్మే ప్లాస్టిక్ కుండీల రంగు! అచ్చం అదే చిలకాకుపచ్చ. పక్క నర్సరీ వాళ్లు గోడ మీంచి చూసి, "ఏవండీ, ఆటోకి తలుపులా?" అనడిగారు.

నాన్న మామ్మ వైపు తిరిగి, "ఇదేనా నీ తమలపాకు?" అన్నారు.

మామ్మ దగ్గరికొచ్చి, తలుపుని చేత్తో తడిమి, "నేనీ రంగు చెప్పానా?" అని ఒక్క మాటే అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా బయటికి రాలేదు. పెయింటు ఖర్చు, కూలి కలిపి పదకొండు వేలు పోయాయి. అయినా డబ్బు పోయిందన్న బాధ కంటే, చేయని తప్పు ఆవిడ నెత్తిన పడిందన్న బాధే ఎక్కువైంది.

మేస్త్రిగారు ఊరి నుంచి వచ్చి తలుపులు చూసి తిట్టలేదు. "ఫోటో ఎక్కడ తీశారమ్మా?" అన్నారు.

"ఇక్కడే, కారు దగ్గర."

ఆయన వేలు పైకి చూపించారు. నెత్తి మీద గ్రీన్ షేడ్ నెట్!

మొక్కల మీద ఎండ సగానికి తగ్గించడానికి మేమే కట్టిన వల. దాని కింద నిలబడితే తెల్ల చొక్కా కూడా పచ్చగా ఉంటుంది. మన కన్ను అలవాటుపడి సర్దుకుంటుంది. ఫోన్ తన లెక్క ప్రకారం ఎంతో కొంత సరిచేస్తుంది, ఒక్కోసారి ఎక్కువ చేస్తుంది, ఒక్కోసారి తక్కువ. పైగా తెర మీద రంగంటే వెలుగు, రేకు మీద రంగంటే వెలుగుని వెనక్కి పంపే పొడి. ఈ తేడా నాకు పుస్తకంలో తెలుసు, చేతిలో తెలియదు.

"ఆయ్, రంగు పోయినా పర్లేదండి, మళ్లీ కొట్టొచ్చు. తలుపులు రేకు దాకా గీకించేశారు చూడండి, అదీ నష్టం. సాక్ష్యం పోయింది కదండీ" అన్నారు మేస్త్రిగారు.

అదృష్టం కొద్దీ వెనక తలుపులు రెండూ అలాగే ఉన్నాయి. ఆయన ఎడమ తలుపు పట్టుకుని నాకు పాఠం మొదలుపెట్టారు.

ముందు బయటి వైపు రూపాయి బిళ్లంత జాగాలో నీళ్లు పోసి, నున్నటి వాటర్ పేపరుతో గుండ్రంగా రుద్దారు. గట్టిగా కాదు, పిల్లాడి ఒళ్లు రుద్దినట్టు. కాసేపటికి మధ్యలో రేకు మెరిసింది, దాని చుట్టూ వలయాలు తేలాయి. చెట్టు మొద్దు నరికితే కనిపించేవి చూడండి, అలా. బయటి నుంచి లోపలికి లెక్కపెట్టాం. మెరిసే తెలుపు, దాని కింద వెలిసిన ఇంకో తెలుపు, ఒక పక్క లప్పం ముద్ద, బూడిద రంగు ప్రైమర్, తర్వాత సన్నగా ఒక లేత రంగు, ఆ కింద ఎర్రటి రెడ్ ఆక్సైడ్, చివర్న రేకు. మా సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా ఒక లాగ్‌లో ఉంటుంది. కారు కూడా తన లాగ్ తానే రాసుకుంది. చదవడం తెలియక నేను రెండు తలుపుల మీద దాన్ని తుడిచేశాను.

తర్వాత గుడ్డకి థిన్నర్ తడిపి పై తెలుపుని తుడిచారు. గుడ్డకి తెల్లగా అంటింది. "ఇది డూకో అండి" అన్నారు. అదే గుడ్డ ఇంకో వైపుతో కింది లేత రంగుని తుడిస్తే ఏమీ అంటలేదు. "ఇది ఎనామిలు. కంపెనీ రంగు ఇదే అయ్యుంటుంది." డూకో అన్నది నిజానికి అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో తెచ్చిన లాకర్ పేరు. అది రాకముందు ఒక కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. అది వచ్చాక గంటల్లో పని. అందుకే ఆ పేరు అక్కడి నుంచి మన టింకరింగ్ షెడ్ల దాకా నడిచొచ్చి ఇప్పటికీ ఉంది.

చివరగా ఆయన తలుపు లోపలి అట్ట విప్పారు. దాని వెనక యాభై ఏళ్లుగా ఎండ, వాన, పాలిష్ గుడ్డ ఏదీ తగలలేదు. సబ్బు నీళ్లతో మట్టి కడిగేసరికి అరచేయంత మేర అసలు రంగు బయటపడింది. వల కింద కాకుండా ఆరుబయట, ఎండ నేరుగా పడని నీడలో పెట్టి చూశాం. బూడిద, అందులో కాస్త పచ్చ, కాస్త పసుపు.

"మేడమ్‌గారండి, ఇదే" అన్నారు మేస్త్రిగారు.

నాన్న మాత్రం ఒప్పుకోలేదు. బీరువాలోంచి పాత ఆర్సీ బుక్కు తెచ్చారు. రంగు అన్న గడిలో ఇంగ్లీషులో ఒక్క మాటే ఉంది, గ్రే. "చూశారా, బూడిద రంగు. ఆకుపచ్చ అని ఎక్కడైనా ఉందా?" తన తెలుపు ఓడిపోయిందన్న బాధ కంటే మామ్మది కూడా తప్పేనన్న సంతోషం ఆయన మొహంలో కనిపించింది. కొడుకులంతే.

అప్పుడు మామ్మ లోపల్నుంచి ఒక ఫోటో తెచ్చింది. నలుపు తెలుపు ఫోటో. 1976లో కారు కొన్న వారానికి అన్నవరం వెళ్లినప్పుడు కొండ కింద తీయించుకున్నది. తాతయ్య తెల్ల పంచెలో కారుకి ఆనుకుని నిలబడ్డారు. రంగు లేని ఫోటో రంగు గురించి ఏం చెప్తుంది అనుకుంటాం కదా. చాలా చెప్తుంది. పంచె తెల్లగా ఉంది, దాని వెనక కారు తలుపు స్పష్టంగా ఒక మెట్టు ముదురుగా ఉంది. ఆ రోజు ఆ కారు తెలుపు కాదు. అంతవరకు రుజువైంది.

"మరి తెలుపు ఎప్పుడొచ్చింది మామ్మా?"

"1980లో. ఏదో ఆఫీసుకి కారు అద్దెకి తిప్పుతానన్నారు మీ తాతయ్య. తెల్ల కారైతేనే పెట్టుకుంటాం అన్నారట వాళ్లు. పొద్దున్నే తీసుకెళ్లారు, పది రోజులకి తెల్లగా తెచ్చారు. గుమ్మంలో నిలబడి చూస్తే ఎవరింటికో వచ్చిన కారనుకున్నా" అంది. కాసేపాగి, "నన్నెవరడిగారు? అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు" అంది.

నాన్న ఆర్సీ బుక్కు మూసేశారు.

ఇంత గొడవెందుకు, ఏదో ఒక రంగు వేసి తిప్పుకోవచ్చు కదా అంటారేమో. తిప్పుకోవచ్చు. కానీ పాత బండికి విలువ దాని అసలు రూపంలోనే ఉంటుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కి విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాటికే ఆ గుర్తింపు. నంబరులో 'వీఏ' అని వస్తుంది. అలాంటి బండిని రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ మాత్రం రోడ్డెక్కించొచ్చు. మేమింకా ఆ దరఖాస్తు దాకా వెళ్లలేదనుకోండి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఒకసారి చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు ఇచ్చిన 1912 నాటి సిల్వర్ గోస్ట్. 1911లోనే పోయిన ఆయన దాన్ని చూడనేలేదు. ఆ కారుని నల్లగా ఊహించుకోండి. బండి అదే, ఇంజను అదే, కానీ అది నిజాం కారులా ఉండదు. మా ఇంట్లో కూడా 1980లో జరిగింది అదే.

ఇప్పుడు మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఆర్సీ చెప్పిన బూడిదా, మామ్మ చెప్పిన తమలపాకా? తలుపు అట్ట వెనక దొరికింది పచ్చగానే ఉంది కదా, ఇంకేం అనుమానం అనుకున్నాను. కానీ చదువుతుంటే ఒక చిక్కు తగిలింది. నూనె ఆధారంగా తయారైన ఎనామిల్ పెయింట్లు చీకట్లో ఉండే కొద్దీ పసుపెక్కుతాయి. తలుపుల మూల, అల్మరా వెనక తెల్ల పెయింటు గంధం రంగులోకి మారడం మీరూ చూసే ఉంటారు. నీలం ఛాయ ఉన్న బూడిద మీద పసుపు చేరితే ఏమవుతుంది? పచ్చగా కనిపిస్తుంది. అంటే కారు అసలు బూడిద రంగే అయ్యుండి, యాభై ఏళ్ల చీకటి దాన్ని పచ్చగా మార్చి ఉండొచ్చు.

బయట రంగు ఎండకి వెలిసిపోయి అబద్ధం చెప్తుంది. లోపలి రంగు చీకట్లో పసుపెక్కి ఇంకో అబద్ధం చెప్తుంది. దాచిపెట్టిన చోటే నిజం ఉంటుందని నమ్మడానికి లేదు.

దీనికి మందు కూడా అదే చదువులో దొరికింది. చీకట్లో ఎక్కిన పసుపుని వెలుతురు చాలావరకు తీసేస్తుంది. సంక్రాంతి వెళ్లాక ఆ తలుపుని విప్పి, లోపలి రంగు పైకి కనిపించేలా డాబా మీద పడుకోబెట్టాం. సగం మేర అట్టముక్క, దాని మీద వెండి రేకు చుట్టి కప్పేశాను. మిగతా సగం ఎండకి వదిలాను. పదిహేను రోజులు. పొద్దున్నే స్టాండప్ మీటింగుకి ముందు డాబా ఎక్కి చూసేదాన్ని. అట్ట తీయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

ఆ పదిహేను రోజులూ నాకు లోపల భయంగానే ఉండేది. పచ్చ పూర్తిగా పోతే ఆర్సీ గెలుస్తుంది. అప్పుడు మామ్మకి ఏం చెప్పాలి? యాభై ఏళ్లుగా గుర్తుపెట్టుకున్న రంగు లేనే లేదని చెప్పాలా?

పదహారో రోజు నాన్న, మేస్త్రిగారు, నేను డాబా మీద నిలబడి అట్ట తీశాం. తేడా గీత గీసినట్టు కనిపించింది. ఎండ తగిలిన సగంలో పసుపు బాగా తగ్గింది. పచ్చ మాత్రం పోలేదు. నీళ్లలో నానిన ఆకు వెనక వైపు ఎలా ఉంటుందో అలా, బూడిదలో కలిసిపోయిన లేత పచ్చ.

నాన్న కిందికి వెళ్లి పూజ గదిలోంచి ఒక తమలపాకు తెచ్చి, వెనక్కి తిప్పి తలుపు పక్కన పెట్టారు. ఏమీ అనలేదు. ఆర్సీ రాసిన గుమాస్తా కూడా అబద్ధమేం రాయలేదు. ఆయనకి ఉన్నది చిన్న గడి, అందులో పట్టేది ఒక్క మాట. మామ్మకి అలాంటి గడి లేదు కాబట్టి ఆవిడ మాటే ఎక్కువ సరిగ్గా ఉంది.

ఇక పెయింటు కలపాలి. ఈసారి ఫోను కాదు, తలుపునే షాపుకి పట్టుకెళ్లాం. "కాస్త లేతగా, ఇంకొంచెం పచ్చ" అంటే నా కాస్తా, షాపతని కాస్తా ఒకటి కాదు. అందుకే ఇలాంటి చోట నంబర్లున్న షేడ్ కార్డులు పనికొస్తాయి. మన దేశంలో పెయింట్లకి ఐఎస్ 5 అని ఒక ప్రమాణమే ఉంది. అందులో పోస్టు డబ్బా ఎరుపు పేరే పోస్టాఫీస్ రెడ్, దాని నంబరు 538. మా రంగు అలాంటి కార్డులో నేరుగా దొరక్కపోయినా, దగ్గరగా ఉన్న రెండు షేడ్లు చూపించి వీటి మధ్యలో అని చెప్పగలిగాం. తెలుపు, నలుపు, పసుపు, పచ్చ టింటర్లు చుక్కలు చుక్కలుగా కలిపి ఐదు రకాలు చేయించాం. మేస్త్రిగారు ఐదు రేకు ముక్కలకి ఒకే ప్రైమర్ కొట్టి, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండేసి కోట్లు వేసి, వెనక నంబర్లు రాశారు. లేత రంగుకి కింద ఎర్ర ప్రైమర్ ఉంటే ఒకలా, బూడిద ప్రైమర్ ఉంటే ఇంకోలా కనిపిస్తుందట. ఆరాక ఛాయ మారుతుంది కాబట్టి తడి మీద తీర్పు చెప్పకూడదట.

నాకూ మేస్త్రిగారికీ మూడో నంబరు నచ్చింది. ఎండలో తలుపు మీద పెడితే అంచు కూడా తెలియలేదు. కానీ మామ్మ చూడాలి. ఆవిడ ఐదూ మార్చి మార్చి చూసి, "అన్నీ ఒకలాగే ఉన్నాయే" అని నిట్టూర్చింది.

అది జ్ఞాపకం తప్పు కాదు. కంట్లో ఉండే కటకం వయసుతో పసుపెక్కి మసకబారుతుంది, నీలం వెలుగుని లోపలికి రానివ్వదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకి ఇదే కష్టం వచ్చి, 1923లో ఆపరేషన్ చేయించుకున్నాడు. మామ్మ ఆ రంగుని చూసి గుర్తుపెట్టుకున్నది ఇరవై రెండేళ్ల కళ్లతో. ఇప్పుడు పోల్చమంటున్నది డెబ్బై ఏళ్లు దాటిన కళ్లని. ఆవిడ మాట నమ్మదగిన సాక్ష్యమే, కానీ ఈ కళ్లతో పోల్చి చూడమనడం న్యాయం కాదు. నాన్న మొదటి రోజు ఈ రెండూ కలిపేసి కొట్టిపారేశారు.

రెండేళ్లుగా ఆపరేషన్ అంటే వద్దని మొండికేసిన మనిషి, ఆ రాత్రి అన్నం తింటూ, "ఆ కంటాసుపత్రికి ఎప్పుడు వెళ్దాం?" అంది. మేమెవరం కారు మాట ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

మొదటి కంటికి కట్టు విప్పాక ఇంటికొచ్చి ఆవిడ అన్న తొలి మాట, "గోడలు ఇంత తెల్లగా ఉన్నాయేంటే? సున్నం వేయించారా?" అని. రెండో కన్ను కూడా అయ్యాక, డాక్టరుగారు పర్వాలేదన్న రోజు, ఐదు రేకు ముక్కలూ ముందు పెట్టాను. నంబర్లు కనపడకుండా. మధ్యాహ్నం ఎండలో మూడు, నాలుగు పక్కకి తీసింది. "ఈ రెంట్లో ఏదో ఒకటి, సాయంత్రం చెప్తా" అంది. రాత్రి హాల్లో ట్యూబ్‌లైటు కింద మళ్లీ చూసి, మూడో నంబరుని పక్కకి నెట్టేసింది. "ఇది రాత్రయ్యేసరికి వేరే రంగైపోతోంది. ఇది కాదు."

వెంటనే తలుపు తెచ్చి పక్కన పెట్టి చూశాను. నిజమే. ఎండలో అతికినట్టున్న మూడో నంబరు, ట్యూబ్‌లైటు కింద విడిపోయింది. నాలుగు మాత్రం రెండు చోట్లా తలుపుతో కలిసే ఉంది. రెండు రంగులు వేరే వేరే పొడులతో తయారైతే ఒక వెలుగులో ఒకేలా కనిపించి ఇంకో వెలుగులో వేరైపోతాయి. చీర మీదకి జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు దాన్ని షాపు బయటికి తెచ్చి చూసే ప్రతి ఆడమనిషికీ ఈ సంగతి తెలుసు. పదకొండు వేలు పోగొట్టుకున్న ఇంజినీరుకే తెలియలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పని పెట్టుకుంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఏ భాగాన్నైనా రేకు దాకా గీకించే ముందు దాని మీద వలయాలు లెక్కపెట్టండి, ఒక ముక్కయినా ముట్టుకోకుండా దాచండి. తలుపు అట్టల వెనక, రబ్బరు బీడింగుల కింద, నంబరు ప్లేటు వెనక వెతకండి, కానీ అక్కడి పసుపుని కూడా అనుమానించండి. ఫోనులో ఫోటో చూసి పెయింటు కలిపించకండి. రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక, ఎండలోనూ దీపం కింద కూడా చూడండి. వీటన్నిటికంటే ముందు, ఆ బండి కొత్తగా వచ్చినప్పుడు ఇంట్లో ఎవరున్నారో వాళ్లని అడగండి. వాళ్లు ఏ ఆకు పేరో పువ్వు పేరో చెప్తే నవ్వకండి.

పోయిన వారం కారుకి రంగు పూర్తయింది. నా చిలకాకుపచ్చ తలుపులు కూడా మళ్లీ రేకు దాకా వెళ్లి తమలపాకులై వచ్చాయి. మామ్మ చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ దగ్గర ఆగి, కొంగుతో దుమ్ము తుడిచింది. "బావుంది" అని మాత్రం అంది. ఇంజను ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది. అది వచ్చాక మొదట అన్నవరమే. నాన్న కొన్న తెల్ల పెయింటు డబ్బాలు అలాగే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

నిన్న సీటు కవర్లు కుట్టే అతను ఫోన్ చేశాడు. రెగ్జిన్ ఏ రంగు వేయమంటారని. నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లోపలికి నడుస్తూ అన్నారు.

"ఉండండి, మా అమ్మనడిగి చెప్తా."